సీఆర్‌పీ సరే, నడుము కొలిచారా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ హెల్త్ పేజీలో మెటబాలిక్ సిండ్రోమ్ (నడుము, షుగర్, బీపీ, రక్తంలో కొవ్వుల లెక్కలు కలిసికట్టుగా గాడి తప్పడం) మీద వేసిన వ్యాసం చదివాను. బానే ఉంది గానీ చివర్లో "సీఆర్‌పీ ఎక్కువుంటే జాగ్రత్త పడాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడే నా పేచీ. సీఆర్‌పీ అంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఉంటే రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్. నేను డాక్టర్ని కాదు, ల్యాబ్‌లో రక్తం తీసే మనిషిని, ఆ ఒక్క ముక్క చదివి రిపోర్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్లకి సమాధానం చెప్పుకోవాల్సింది మేమే.

మొన్న ఒకాయన హెచ్ఎస్ సీఆర్‌పీ (గుండె రిస్కు చూడ్డానికి చేసే సున్నితమైన సీఆర్‌పీ టెస్టు) లీటరుకి 14 మిల్లీగ్రాములు వచ్చిందని వణికిపోతూ వచ్చారు. మాట్లాడినంతసేపూ తుమ్ములే. జలుబు ఎన్నాళ్ల నుంచండీ అంటే నాలుగు రోజులన్నారు. జలుబు చేసినా, చిగుళ్లు వాచినా ఆ అంకె లేచి కూర్చుంటుంది, 10 దాటితే గుండె రిస్కు లెక్కకి ఆ రిపోర్టు పనికిరాదు, తగ్గాక రెండు వారాలాగి మళ్లీ చేయించుకోవాలి. ఇంకోటి, కొన్ని రిపోర్టుల్లో లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని ఉంటుంది, కొన్నిట్లో డెసిలీటరుకి. డెసిలీటరు లెక్కలో 0.4, లీటరు లెక్కలో 4, రెండూ ఒకటే! అది చూసుకోకుండా సంబరపడేవాళ్లూ ఉన్నారు, ఏడ్చేవాళ్లూ ఉన్నారు.

ఆయన మళ్లీ వస్తే 2.6 వచ్చింది. లీటరు లెక్కలో 1 లోపైతే రిస్కు తక్కువ, 3 దాటితే ఎక్కువ, అంటే ఈయన మధ్యలో ఉన్నారు. హమ్మయ్య అనుకున్నారు. కానీ ఆయన రక్తం ట్యూబు సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పే మెషిన్) లోంచి తీస్తే పైన తేలిన సీరం, అంటే రక్తంలోని నీరు, పాలు కలిపినట్టు తెల్లగా ఉంది, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) బాగా పెరిగితే అలాగే ఉంటుంది. నడుమెంతండీ అంటే "నా ప్యాంటు 36" అన్నారు. ప్యాంటేమో పొట్ట కింద కట్టుకున్నారు! టేపు తెచ్చి చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన పెట్టి, ఊపిరి వదలమని కొలిస్తే 104 సెంటీమీటర్లు. మన దక్షిణాసియా మగవాళ్లకి హద్దు 90, ఆడవాళ్లకి 80. నడుము ఆ హద్దుకి చేరడం, ట్రైగ్లిజరైడ్లు 150, బీపీ 130/85, పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన ఉండటం, మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లకి 40 ఆడవాళ్లకి 50 లోపు ఉండటం, ఈ ఐదింట్లో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఆ లిస్టులో సీఆర్‌పీ లేనే లేదు, మీ వ్యాసంలో ఈ మాట రావాల్సింది.

అలాగని సంబంధం లేదనట్లేదు, గట్టిగానే ఉంది. పొట్టలో కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదు. లావెక్కిన ఎలుకల కొవ్వులోంచి ఇన్‌ఫ్లమేషన్ పుట్టించే టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే పదార్థం వస్తోందనీ, అది ఇన్సులిన్ పనికి అడ్డం పడుతోందనీ 1993లో చూపించారు. కొవ్వు పెరిగే కొద్దీ అందులోకి మాక్రోఫేజ్ కణాలు (ఒంటి రక్షణ కణాల్లో ఒక రకం) వచ్చి చేరతాయని 2003లో తేలింది. అక్కడి నుంచే ఐఎల్ 6 అనే ఇంకో ఇన్‌ఫ్లమేషన్ పదార్థం రక్తంలోకి వెళ్లి లివర్‌ని తట్టి లేపితే లివర్ సీఆర్‌పీ తయారుచేస్తుంది. అందుకే ఆ ఐదింట్లో ఎన్ని ఎక్కువ ఉంటే సగటున సీఆర్‌పీ అంత పెరుగుతుంది.

మరి మందేసి సీఆర్‌పీ దించేస్తే అయిపోతుందా అంటే, కాదు. 2008లో జూపిటర్ అని పెద్ద ట్రయల్ వచ్చింది, దాదాపు 18 వేల మంది, రోసువాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటి) వాడితే సీఆర్‌పీ 37 శాతం తగ్గింది, గుండెపోట్లూ తగ్గాయి, కానీ షుగర్ కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం మందు వాడినవాళ్లలోనే కాస్త ఎక్కువ! (ఇది చదివి ఎవరూ స్టాటిన్ మానేయకండి బాబూ, గుండెకి దాని లాభం దానిది.) తర్వాత 2017లో ఫలితాలొచ్చిన కాంటోస్ ట్రయల్‌లో కొలెస్ట్రాల్ జోలికి పోకుండా ఇన్‌ఫ్లమేషన్‌నే తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చారు, గుండెపోట్లు తగ్గాయి, కొత్తగా షుగర్ రావడం మాత్రం ఆగలేదు. బరువు తగ్గితే అలా కాదు, నడుముతో పాటు ట్రైగ్లిజరైడ్లు, షుగర్, సీఆర్‌పీ అన్నీ కలిసి దిగుతాయి.

ఈసారి ఈ టాపిక్ వేస్తే సీఆర్‌పీ అంకె పక్కన యూనిట్ వేయండి, నడుము ఎక్కడ పెట్టి కొలవాలో చిన్న బొమ్మ కూడా వేయండి. ప్యాంటు సైజు చెప్పేవాళ్లు రోజుకి నలుగురైనా తగులుతున్నారు మాకు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్