రెండు రాతపెట్టెలు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

మా కొనుగోలుదారులందరికీ నమస్కారం.

జూన్ నెలాఖరుకు పంపుతామని మాట ఇచ్చిన ఆరు సుజురిబాకోలలో, అంటే సిరా నూరే రాయి, కుంచెలు, నీటిబుడ్డి అమర్చుకొనే జపాను రాతపెట్టెలలో, నాలుగే సిద్ధమయ్యాయి. మిగిలిన రెండింటి మూతల మీద పూత ముడతలు పడింది.

ఎండలో పెడితే త్వరగా ఆరదా అని కొందరు అడిగారు. ఆ ప్రశ్నకు మూలం నా పొరపాటే. మొదటి ప్రకటనలో వీటిని 'లక్క పెట్టెలు' అని రాశాను. ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగు నుంచి వస్తుంది, తిరిగే కొయ్యకు ఒత్తితే రాపిడి వేడికి కరిగి అంటుకొంటుంది. ఈ పెట్టెలకు పూసే ఉరుషి మాత్రం ఒక చెట్టు నుంచి కారే పాలు. ఆ చెట్టుది మామిడి, నల్లజీడి కుటుంబమే కనుక, రజకులు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసం తగిలినట్టే పచ్చి ఉరుషి తగిలినా చర్మం పొక్కుతుంది. పూర్తిగా గట్టిపడ్డాక ఆ భయం లేదు. అది గట్టిపడడానికి ఎండ కాదు, గాలిలో ఇంచుమించు 70 నుంచి 80 శాతం తేమ కావాలి. అందుకే తడి గుడ్డలు ఉంచిన చెక్క బీరువాలో పెడతారు. తేమ మితిమీరితే మాత్రం పైపొర ముందే బిగిసి, లోపలిది పచ్చిగా మిగిలి, ముడత పడుతుంది. ఇక్కడ జపానులోని కనజావాలో వానలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, గడువు దగ్గరపడుతోందని పూత వేసే పెద్దాయనను తొందరపెట్టింది నేనే.

ముడతలను బంగారంతో కప్పేయడం కుదరదు. మనం ఎంచుకున్న తోగిదాషి మకియె పద్ధతిలో ఉరుషితో అలలు గీసి, ఆ గీతలు తడిగా ఉండగానే సన్నని గొట్టాన్ని వేలితో తడుతూ బంగారుపొడి రాలుస్తారు. అది గట్టిపడ్డాక పైన నల్లని ఉరుషి పూస్తే బొమ్మంతా మాయమవుతుంది. ఆపైన నీళ్లతో తడుపుతూ బొగ్గుముక్కతో అరగదీస్తారు. సిద్ధమైన మూతల్లో ఒకదాన్ని అరగదీస్తుండగా పక్కనే కూర్చొని చూశాను: మొదట ఒక అల అంచున గోరంత మెరుపు కనబడింది, సాయంత్రానికి అలలన్నీ తేలాయి, వేలితో తడిమితే నలుపుకూ బంగారానికీ మధ్య గీతే తెలియలేదు. ముడతల మీద ఇదే పని చేస్తే మిట్టల మీది బంగారం అరిగిపోతుంది, గుంటల్లోది పైకే రాదు.

కాబట్టి ఆ రెండు మూతలనూ అడుగుపూత దాకా అరగదీసి మళ్లీ మొదలుపెడుతున్నాం. ధర పెంచము. వేచి ఉండలేని వారికి చెల్లించిన సొమ్ము పూర్తిగా వెనక్కి ఇస్తాం. పంపే తేదీని, చివరి మెరుగు మొదలయ్యాక పెద్దాయనను అడిగి మరీ తెలియజేస్తాను.