ఓడలు కట్టే చేతులను మరవకండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

ఆంధ్రప్రదేశ్ దక్షిణ తీరంలోని దుగరాజపట్నం వద్ద నౌకా నిర్మాణ కేంద్రం నెలకొల్పాలన్న ప్రతిపాదనపై వస్తున్న వార్తల్లో భూమి, పెట్టుబడి లెక్కలే కనిపిస్తున్నాయి గాని, అక్కడ పనిచేయబోయే చేతుల గురించి ఎవరూ మాట్లాడడం లేదు.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున, అలాంటి చేతులను మరవని జెఫర్సన్‌విల్ అనే ఊరుంది. ఇరవై ఏళ్లు నిండని జేమ్స్ హోవార్డ్ 1834లో అక్కడ ఆవిరి పడవలు కట్టడం మొదలుపెట్టాడు. 1876లో అదే నదిలో మునిగి ఆయన మరణించినా పని ఆగలేదు. కొడుకు ఎడ్మండ్స్ అందుకున్నాడు, ఆ తరువాత మనుమడూ అందుకున్నాడు. ఆ కుటుంబం దాదాపు వందేళ్లు ఆ ఒడ్డునే పడవలు కట్టింది. అనంతరం అక్కడ వెలసిన మరో సంస్థ రెండో ప్రపంచ యుద్ధంలో 123 యుద్ధ నౌకలు కట్టి, చివరకు 2018లో మూతపడింది. అయినా ఎడ్మండ్స్ కట్టించుకున్న ఇల్లు నేటికీ నిలిచి ఉంది. పడవల మెట్లకు, స్తంభాలకు నగిషీలు చెక్కిన వడ్రంగులే ఆ ఇంటి చెక్కపనీ చేశారు. ఇప్పుడది మ్యూజియం, పడవల నమూనాలు, పనిముట్లు అందులో భద్రంగా ఉన్నాయి.

మన గోదావరి ముఖాన కోరంగిలోనూ ఒకప్పుడు పెద్ద ఓడలు కట్టారు. 1839 తుపాను ఆ రేవును దెబ్బతీసింది. ఆ ఓడలు కట్టిన కుటుంబాల పేర్లు నేడు ఎంతమందికి తెలుసు?

మా పులికాట్ సరస్సు ఒడ్డున, భీములవారిపాలెం రేవులో చిన్నప్పుడు నేను చూసిన దృశ్యం ఇంకా కళ్లముందే ఉంది. ఇసుకలో బోర్లించిన పడవ పక్కన గొంతుక్కూర్చున్న పెద్దాయన పలకల సందుల్లో దూది కూరి, ఉలి మొన ఆనించి సుత్తితో మెల్లగా కొట్టేవాడు. పలకకు చెవి దగ్గరగా పెట్టి ఆ చప్పుడు విని, "ఇంకా బోలుగా ఉంది" అంటూ మళ్లీ కూరేవాడు. మోకాలి లోతు నీటిలోనూ నడిచే పడవ కట్టడం ఆయన ఏ బడిలోనూ నేర్చుకోలేదు, తండ్రి దగ్గర నేర్చుకున్నాడు.

అందువల్ల, ప్రాజెక్టుకు తొలి ఇటుక పడకముందే తడ, సూళ్లూరుపేట, వాకాడు తీరాల్లో పడవలు కట్టే కుటుంబాల పనిని వీడియోలుగా, కొలతలతో సహా నమోదు చేయించాలని, వారి పిల్లలకు వెల్డింగ్, నౌకా నిర్మాణ శిక్షణలో మొదటి అవకాశం ఇవ్వాలని, ఆ కేంద్రంలోనే పాత పడవలకు, పనిముట్లకు ఒక గది కేటాయించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి