అంపైర్లంటే అంత చులకనా?

సంపాదకులకు,

'ఆట చేతకానివాళ్లే అంపైర్లవుతారు' అన్న ధోరణిలో గత ఆదివారం మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఐపీఎల్‌లో ఒక వైడ్ ఇవ్వకపోతే జనం తిట్టుకోవడం మామూలే. పత్రిక కూడా ఆ గుంపులో చేరాలా? మన దేశపు స్పిన్నర్ వెంకటరాఘవన్ 57 టెస్టులు ఆడి, 73 టెస్టులకు అంపైరింగ్ చేశారు. ఆయనకూ ఆట చేతకాదా?

పాతవాళ్ల సంగతైతే మరీ అన్యాయం. ఎం.జి.విజయసారథి పేరు మీ డెస్కులో ఎవరైనా విన్నారా? మైసూరు (ఇప్పటి కర్ణాటక) జట్టుకు ఆడిన మనిషి. ఆనాటి మైసూరు క్రికెట్ అంటే పసికూన. 1934 నవంబరు 4న చెపాక్‌లో జరిగిన మొట్టమొదటి రంజీ (దేశవాళీ జట్ల టోర్నీ) మ్యాచ్‌లో 48కి, 59కి ఆలౌటై, మద్రాసు చేతిలో ఒక్కరోజులోనే ఇన్నింగ్స్ తేడాతో ఓడింది. అలాంటి చోటి నుంచి వచ్చి, 1951-60 మధ్య 13 టెస్టులకు అంపైర్‌గా నిలబడ్డారాయన. రీప్లే లేదు, చెవిలో మైకు లేదు. టీవీలో రీప్లే చూసి తీర్పు చెప్పే థర్డ్ అంపైర్ వచ్చిందే 1992లో.

ఎక్కడి మైసూరో మనకెందుకంటారేమో. 1960-61 రంజీలో బెంగళూరులో మైసూరు, ఆంధ్ర తలపడినప్పుడు ఒక అంపైర్ విజయసారథి, రెండో అంపైర్ ఆయన కొడుకు ఎం.వి.నాగేంద్ర! ఆ తండ్రీకొడుకుల ముందు అప్పీళ్లు చేసింది మన కుర్రాళ్లే. నాగేంద్ర కూడా తర్వాత 11 టెస్టులకు అంపైర్. అంతెందుకు, 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకు తటస్థ అంపైర్లుగా వెళ్లిన ఇద్దరిలో ఒకరు మన హైదరాబాద్ వి.కె.రామస్వామి. ఈ ముక్క ఎంతమంది పిల్లలకు తెలుసు?

తెలియజెప్పాల్సిన క్రికెట్ సంఘాల పెద్దలకు ఎన్నికలు, కోర్టు కేసులు, కాంప్లిమెంటరీ పాసులతోనే సరిపోతోంది. జిల్లా మ్యాచ్‌లకు ఎండలో నిలబడే అంపైర్‌కు దక్కేది పులిహోర పొట్లం, తల్లిదండ్రుల తిట్లు. మా ఊరి మైదానం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎగ్జిబిషన్‌కో, బహిరంగ సభకో పిచ్ మీదే గుంజలు పాతుతారు. అధికారులను అడిగితే వినతిపత్రం ఇమ్మన్నారు. ఇచ్చాం. అదింకా థర్డ్ అంపైర్ పరిశీలనలోనే ఉన్నట్టుంది!

సినీతారల పెంపుడు కుక్కలకు మీరు కేటాయించే జాగాలో సగం ఇచ్చి, వచ్చే ఆదివారమైనా విజయసారథి గురించి నాలుగు ముక్కలు వేయండి.

– ఒక పాత చందాదారు, తెనాలి