మార్చిలో తినే ఆపిల్

ఒరేయ్ శ్రీనూ,

ఇండియనాపోలిస్‌లో ఇల్లు కొన్నావని తెలిసి మా ఇంట్లో అందరం సంబరపడ్డాం. పెరట్లో ఒక్క ఆపిల్ చెట్టుకే చోటుందన్నావు కదా, అయితే ఇంకేం ఆలోచించకు, గోల్డ్‌రష్ వెయ్యి. చెల్లెమ్మ హనీక్రిస్ప్ కావాలంటోందన్నావు. అది ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. గోల్డ్‌రష్ కావాలంటే తోటలు వెతుక్కుంటూ పోవాలి.

పైగా అది మీ వైపు పుట్టిన రకమే. పర్‌డ్యూ, రట్గర్స్, ఇల్లినాయ్ యూనివర్సిటీలు కలిసి చేసిన పని. తల్లి గోల్డెన్ డెలిషస్. ఆకులకీ కాయలకీ మచ్చలు తెచ్చే స్కాబ్ తెగులు దాదాపు అంటదు. మా ఇల్లినాయ్‌కి రాష్ట్ర ఫలం కూడా ఇదే.

కానీ చెట్టు కొనేముందు ఒకసారి వీధంతా తిరిగి, ఎర్ర సీడార్ చెట్లున్నాయేమో చూడు. వసంతంలో వాన పడగానే వాటి కొమ్మల మీద నారింజ రంగు జిగురు కొమ్ముల్లాంటివి వస్తాయి. అక్కణ్ణుంచే రస్ట్ తెగులు గాలిలో ఎగిరొచ్చి ఆపిల్ ఆకుల మీద పడుతుంది. గోల్డ్‌రష్ దాన్ని అస్సలు తట్టుకోలేదు. సీడార్లు దగ్గర్లో ఉంటే, మొగ్గలు గులాబీ రంగుకి తిరిగినప్పటి నుంచి పూరేకులు రాలాక కొన్ని వారాల దాకా మందు కొట్టక తప్పదు. ఇంకోటి, పరాగానికి వేరే రకం చెట్టు కావాలి. పక్కింట్లో అదే సమయానికి పూసే క్రాబ్ ఆపిల్, అదే బుల్లి కాయల ఆపిల్ చెట్టు, ఉన్నా చాలు.

కాపు విరగ కాస్తుంది. పిందెలప్పుడే గుత్తికొక్కటి ఉంచి మిగతావి గిల్లెయ్. ప్రాణం ఒప్పదు, అయినా గిల్లాలి. లేకపోతే కాయలు చిన్నవైపోతాయి, మరుసటి ఏడు చెట్టు అలిగి సరిగ్గా కాయదు.

అందరి ఆపిల్స్ అయిపోయాక, అక్టోబరు చివర్లో ఇది కోతకొస్తుంది. అప్పుడు కొరికితే పళ్లు పులుస్తాయి. మనవాళ్లకి అసలు పండగ అప్పుడే! కండ గట్టిగా ఉంటుంది కాబట్టి మామిడికాయ లేని రోజుల్లో పప్పులోకి దివ్యంగా ఉంటుంది. పప్పు ఉడికాకే ముక్కలు వేసి కాసేపు మగ్గనివ్వు. కాయ తురిమి మెంతిపొడి, ఆవపొడి, కారం కలిపి ఇంగువ పోపుతో పచ్చడి పెట్టమను చెల్లెమ్మని. వేడన్నంలో నెయ్యి వేసుకుని తిన్నాక నాకు ఫోన్ చెయ్యి. నీరూరే కాయ కదా, ఆవకాయలా బయట నిలవ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగైదు రోజుల్లో లాగించెయ్యాలి.

మిగతా కాయలు మాత్రం తినకుండా దాచు. దీని తొక్క తొందరగా నీరు కోల్పోయి ముడతలు పడుతుంది, అందుకని చిల్లులున్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రిజ్ అడుగున ఉంచు. సంక్రాంతి దాటేసరికి పులుపు తగ్గి తీపి పైకొస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో దీని ముందు ఏ ఆపిలూ నిలబడదని నా గట్టి నమ్మకం. ముడతపడ్డ కాయ కూడా పారెయ్యకు, రుచి ఎక్కడికీ పోదు. ఉగాది పచ్చడిలోకి కూడా అవే వాడుతున్నాం, తీపెక్కినా ఆ చురుకు ఉంటుంది.

మొక్కలు నర్సరీల్లో చలికాలంలోనే అయిపోతాయి, ఇప్పుడే ఆర్డర్ పెట్టు. పొట్టి రకం వేరుమీద అంటుకట్టింది తీసుకో, గుంజ పాతాలి, చుట్టూ జింకలకి కంచె కట్టాలి. గుంజలు, కంచె సామాను నేను కారులో తెస్తాను. ఏ శనివారం రమ్మంటావో చెప్పు.

నీ
మురళి