ఎఫ్‌ఆర్‌పీ చానళ్లకు బోల్టు రంధ్రాలు: కొత్త ఆర్డర్ల నుంచి మారేవి

కస్టమర్లందరికీ నమస్కారం.

ఇకమీదట ఎఫ్‌ఆర్‌పీ (గాజుపోగుల్ని రెసిన్ అనే జిగురుతో గట్టిపరిచి చేసే ప్లాస్టిక్) చానల్, యాంగిల్ ఆర్డర్లలో ముక్క చివరకు మరీ దగ్గరగా గీసిన రంధ్రాలు మేం వెయ్యం. రంధ్రం మధ్య నుంచి ముక్క చివరకు కనీసం బోల్టు వ్యాసానికి మూడింతలు, అంటే ఎం10 (10 మి.మీ. వ్యాసం) బోల్టుకు 30 మి.మీ. ఉండాలి. పక్క రంధ్రం మధ్యకు 40 మి.మీ. అంతకు తక్కువుంటే ఫోన్ చేసి ముక్క పొడవు పెంచమంటాం. ఆ మేరకు బిల్లూ పెరుగుతుంది.

వచ్చే డ్రాయింగుల్లో చాలావాటిలో ఇనుప యాంగిల్ కొలతలే ఉంటున్నాయి. ఇనుము బరువుకు కాస్త సాగి పక్క బోల్టులకు భారం పంచుతుంది. ఎఫ్‌ఆర్‌పీకి ఆ గుణం లేదు. వరసలో నాలుగు బోల్టులు పెట్టినా మొదటిదీ చివరిదీనే ఎక్కువ మోస్తాయి.

పుల్‌ట్రూడెడ్ (పోగుల్ని రెసిన్‌లో తడిపి అచ్చులోంచి లాగి చేసే) చానల్‌లో గాజుపోగులు ఎక్కువగా పొడవునే ఉంటాయి. చివర దూరం చాలకపోతే బోల్టు ముందున్న భాగం వెదురు బద్దలా చీలి ఊడొస్తుంది. వెడల్పు చాలకపోతే రంధ్రం దగ్గర అడ్డంగా తెగుతుంది. రెండూ ఉన్నట్టుండి జరిగేవే, మనుషులు నడిచే ప్లాట్‌ఫాంలలో మాకు భయం వీటితోనే. రెండు కొలతలూ సరిపడా ఉంటే రంధ్రం మెల్లగా నలిగి కోలగా అవుతుంది. జాయింటు వదులైనట్టు తెలుస్తుంది, మార్చుకునే వ్యవధి దొరుకుతుంది. అయితే మ్యాట్ (పోగులు అన్ని దిక్కులా పరిచిన) పొరలు లేని ముక్కకు చివర ఎంత వదిలినా చీలిక ఆగదు. అందుకే బోల్టులు పడే చోటికి మ్యాట్ ఉన్న రకమే ఇస్తాం.

బిగించేటప్పుడు రెండు వైపులా పెద్ద వాషర్లు వెయ్యండి, ఎం10కి 30 మి.మీ. వ్యాసం ఉన్నవి. ఆ బిగింపే రంధ్రం చుట్టూ పొరలు లేవకుండా పట్టి ఉంచుతుంది. నొక్కుడు కింద రెసిన్ నెమ్మదిగా అణుగుతుంది కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ బిగించాలి. బోల్టు మరలు రంధ్రం లోపల పడితే పోగుల్ని కోస్తాయి, నున్నటి కాడ ఉన్న బోల్టే తీసుకోండి.

సైట్లో రంధ్రం వెయ్యాల్సి వస్తే కార్బైడ్ బిట్టు వాడి, వెనక చెక్క దన్ను పెట్టి, బిట్టు బయటపడే ముందు ఒత్తిడి తగ్గించండి. లేకపోతే వెనక పొర లేస్తుంది. మాస్కు తప్పనిసరి. తర్వాత రంధ్రం లోపల రెసిన్ పూయండి. పూయకపోతే హేచరీల్లో ఉప్పునీళ్లు, ఫ్యాక్టరీల్లో యాసిడ్ పోగుల వెంటే లోపలికి దిగుతాయి.

కార్బన్ ఫైబర్ పలకలకు అల్యూమినియం రివెట్లు వద్దు. తేమ తగిలితే కార్బన్ అల్యూమినియాన్ని తినేస్తుంది. 316 స్టెయిన్‌లెస్ వాడండి.

ఇప్పటికే బిగించిన వాటిలో చివరి కొలత తక్కువుంటే ఫొటో, కొలతలు పంపండి. పక్కన ప్లేటు వేసి గట్టిపరచవచ్చో, ముక్క మార్చాలో చెప్తాం.