పక్క మంచం అమ్మకు

మొన్న సాయంత్రం నాయనను ఇంటికి తీసుకొచ్చాం. పద్నాలుగు రోజులు నెల్లూరు ఆసుపత్రిలోనే. ఇంటికొచ్చినా నాకు నిద్ర పట్టడంలేదు. ఇది రాస్తేగానీ పట్టేట్టు లేదు. తప్పులుంటే మన్నించండి.

మాది అల్లూరు దగ్గర పల్లె. నాయనకు 81. రెండు రోజులు అన్నం వద్దన్నాడు, మూడో రోజు పెరట్లో తూలి పడ్డాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. చూపించిన చోట "వయసు పైబడింది గదా, నీరసం" అని సెలైన్ ఎక్కించి పంపించారు. నేనూ సరేననుకున్నా. నెల్లూరు చేరేసరికి ఊపిరితిత్తుల్లో రెండు వైపులా నిమ్ము, అదే న్యుమోనియా. ఆక్సిజన్ పెట్టారు. రెండో రాత్రికి సంధి ప్రేలాపన మొదలైంది. నన్ను చూసి "ఎవురు నువ్వు? నా కొడుకును పిలువు" అన్నాడు.

సూది పీకేసుకుంటున్నాడని చేతులు రెండూ బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టేశారు. నేను చూడలేక వరండాలో గోడకానుకొని ఏడుస్తున్నా. పక్క మంచం పెద్దాయనకు తోడుగా ఉన్న వాళ్ళ ఇంటావిడ బయటికొచ్చింది. నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "మీ నాయన కళ్ళజోడు యాడుండాది అబ్బయ్యా?" అని అడిగింది. సంచిలో అడుగున ఉంది. మేమెవరం తీయనేలేదు.

డ్యూటీ సిస్టర్‌తో మాట్లాడి ఒప్పించి ముళ్ళు ఆమే విప్పింది. మణికట్టు చుట్టూ ఎర్రగా కమిలిపోయి ఉంది, ఉల్లిపొర లాంటి చర్మం. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకొని, నాయనకు కళ్ళజోడు పెట్టి, "ఈ ఏడు ఏం నాటారు పెద్దాయనా?" అనింది. నాయన చాలాసేపు ఆమె ముఖం చూసి "మొలగొలుకులు" అన్నాడు. మా చేలో ఆ వడ్లు వేసి ఎన్నేళ్ళయిందో. ఆమె కాదనలేదు, నీళ్ళు ఎట్టొస్తాయని అడిగింది, కాలవ సంగతి అడిగింది. తెల్లారుజామున నాయన ఆమె చెయ్యి పట్టుకొనే నిద్రపోయాడు. తన మొగుడికి మందులేసే వేళకు లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి అదే స్టూలు మీద కూర్చుంది. నేను ఆమెకు ఏమవుతానని?

పొద్దున టీ తాగుతూ చెప్పింది. "ఇది పిచ్చి కాదు, నిమ్ము తగ్గేకొద్దీ తేటపడతాడు. జ్వరం రావాలన్నా ఒంట్లో సత్తువుండాల అబ్బయ్యా. ముసలోళ్ళకు లోపల ఎంత ముదిరినా ఒక్కోసారి ఒళ్ళు కాలదు. అన్నం మానేయడం, తూలి పడటం, మాట తడబడటం, అవే జ్వరం అనుకోవాల." రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంటుందట, జబ్బుతో పోరాడే టి-కణాలు అక్కడే తయారై బయటికొస్తాయట. ఈడొచ్చాక అది కుంచించుకుపోతూ ముసలితనానికి చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. కొత్త క్రిమి వస్తే ఎదిరించే కొత్త కణాలు తక్కువ. పైగా విభజన ఆగిపోయీ చావని ముసలి కణాలు ఒంట్లో పేరుకొని, వాపు పుట్టించే పదార్థాలు వదులుతూ చుట్టుపక్కల మంచి కణాలనూ పాడుచేస్తాయి. అందుకే అదే నిమ్ము పాతికేళ్ళవాడికి వారం, నాయనకు ప్రాణం మీదికి.

మరునాడు ఇంటినుంచి గోడ గడియారం తెచ్చి నాయనకు కనపడేట్టు కిటికీ ఊచకు కట్టింది. ఆక్సిజన్ తీసిన రోజే డాక్టర్‌ని అడిగి లేపి కూర్చోబెట్టింది. మంచాన పడ్డ ప్రతి రోజూ కండ కరుగుతుందని, కుర్రాళ్ళకు వచ్చినంత సులువుగా వీళ్ళకు తిరిగి రాదని వెంటపడి నడిపించింది. ఆరో రోజు పొద్దున నాయన నన్ను పేరు పెట్టి పిలిచాడు.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. కార్డు పని కోసం వేలిముద్ర అడిగారు. అరవై ఏళ్ళు మడక పట్టిన చేయి, దానికి తోడు వయసుకు చర్మం మీది గీతలు అరిగిపోతాయి. మూడు రోజులు పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టించారు, పడలేదు. ఆక్సిజన్ మీదున్న మనిషి దగ్గరికి యంత్రం తెచ్చి "గట్టిగా నొక్కు తాతా" అంటారా? ముసలోళ్ళకు వేలిముద్ర పడదని ఇన్నేళ్ళకూ తెలియదా? ఇంకోటి, నిమ్ము రాకుండా చంటిబిడ్డలకు ఉచితంగా వేసే న్యుమోకోకల్ టీకా లాంటిది పెద్దవాళ్ళకూ ఉందని మాకు ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. డిశ్చార్జి రోజు తెలిసింది.

అన్న, వదిన, మా ఆవిడ వంతులేసుకొని చేశారు. వాళ్ళకు వేరే చెప్పేదేముంది.

అమ్మా, మీరు మాకంటే ముందే డిశ్చార్జి అయ్యారు. ఆ పూట నేను మందుల కోసం బయటున్నా, ఫోన్ నంబరన్నా అడగలేదు. మీ గడియారం మా దగ్గరే ఉండిపోయింది. ఇది మీదాకా చేరితే కబురు పెట్టండి, నేనే తెచ్చిస్తా.

రాత్రి డ్యూటీ సిస్టర్లకు, విసుక్కోకుండా ఎక్స్‌రే చూపించి చెప్పిన చిన్న డాక్టరమ్మకు దండాలు. అయ్యో, 108 అబ్బాయిలను మరిచా, ఆ రాత్రి వానలో మా సందులోకి బండి రాకపోతే స్ట్రెచర్ మోసుకుంటూ వచ్చారు. క్యాంటీన్‌లో రోజూ గంజి విడిగా కాచి ఇచ్చిన తమ్ముడికి కూడా. ఇంకా ఆటో అన్న, రాత్రి రెండింటికి మందుల షాపుకు తిప్పి డబ్బులు తీసుకోలేదు.