గది వేడి రాయని పరీక్ష మనకు పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ వాటర్ కూలింగ్ సమీక్షల్లో ‘గేమ్ ఆడుతున్నా 60 డిగ్రీలు దాటలేదు’ అని రాస్తుంటారు. పరీక్ష చేసిన గది ఎంత వేడిగా ఉందో చాలాసార్లు రాయరు. అది తెలియకపోతే చెన్నైలో సామాను కొనేవాళ్ళకు ఆ అంకె దారి చూపదు, తప్పుదారి పట్టిస్తుంది.

చిప్పు మీద కూర్చునే లోహపు బ్లాకులో వేడెక్కిన నీటిని పంపు రేడియేటర్‌కు తోస్తుంది, అక్కడ ఫ్యాన్ల గాలికి చల్లబడి తిరిగి వస్తుంది. ఈ చుట్టునే లూపు అంటారు. రేడియేటర్ ఎంత ఖరీదైనదైనా నీటిని గది గాలికంటే చల్లగా చేయలేదు. 22 డిగ్రీల గదిలో 60 చూపించిన చిప్పు, అగ్ని నక్షత్రం (మే నెల మండుటెండల) రోజుల్లో ఏసీ లేని 36 డిగ్రీల గదిలో అదే పనికి దాదాపు 74 చూపిస్తుంది. సామానులో లోపం ఏమీ ఉండదు. (గాలిలో తేమ ఎక్కువ కదా, గొట్టాలకు చెమ్మ పడుతుందేమో అని ఇక్కడ చాలామంది భయపడతారు. నీరు గదికంటే చల్లబడదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు.)

కొలవాల్సింది నీటి వేడికీ గది వేడికీ ఉన్న తేడా. నీటిలో ఒక సెన్సర్, రేడియేటర్‌లోకి గాలి వెళ్ళేచోట ఇంకొకటి పెట్టాలి. ఫ్యాన్ల వేగం మారకుండా కట్టేసి, ప్రాసెసర్ మీదా గ్రాఫిక్స్ కార్డు మీదా ఒకేసారి పూర్తి భారం వేసి, కనీసం 40 నిమిషాలు ఆగాలి. నీరు నిదానంగా వేడెక్కుతుంది. పది నిమిషాల్లో ఆపేస్తే ఏ రేడియేటరైనా భేషుగ్గానే కనిపిస్తుంది. తేడా 10 డిగ్రీలలోపు నిలబడితే బాగున్నట్టే. 15 దాటితే రేడియేటర్ చాలడం లేదు.

రేడియేటర్ మీది 120 మి.మీ. ఫ్యాన్ ఒక్కొక్కటి సుమారు 100 వాట్ల వేడి తీస్తుందని లెక్క వేసుకోవచ్చు. 125 వాట్ల ప్రాసెసర్, 300 వాట్ల కార్డు ఉంటే 360 మి.మీ. రేడియేటర్ (మూడు ఫ్యాన్లది) ఒక్కటే సరిపోదు, తోడుగా 240 (రెండు ఫ్యాన్లది) ఉండాలి. చాలామంది ఆ డబ్బు రెండో పంపు మీద పెడతారు. నిమిషానికి లీటరు చొప్పున పారే నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితేనే దాదాపు 70 వాట్లు మోసుకుపోతుంది. నిమిషానికి 4 లీటర్లు పారితే 425 వాట్లకు లూపులో ఏ రెండు చోట్ల కొలిచినా నీటి వేడిలో తేడా సుమారు ఒకటిన్నర డిగ్రీకి మించదు. మామూలు లూపుకు మంచి డీ5 రకం పంపు ఒక్కటి చాలు. ఏ బ్లాకు ముందు, ఏది వెనక అన్న వాదన అనవసరం. నీటి ట్యాంకు మాత్రం పంపుకు ముందు, దానికంటే ఎత్తులో ఉండాలి.

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొనేటప్పుడు మొదట అడగాల్సింది రేడియేటర్ ఏ లోహం అని. రాగి బ్లాకు ఉన్న లూపులో అల్యూమినియం రేడియేటర్ పెడితే నీటి ద్వారా అల్యూమినియం తినేసుకుపోతుంది, పొట్టు రాలి బ్లాకులోని సన్న గాడులు మూసుకుపోతాయి. కంపెనీ సీలు వేసి ఇచ్చే కూలర్లలో చాలావరకు ఈ రెండు లోహాలూ ఉంటాయి. తుప్పును ఆపే మందు కలిపిన ద్రవం వాటిని కాపాడుతుంది. అందుకే వాటిని విప్పి ఉత్త నీళ్ళు పోయకూడదు.

గొట్టాలను బిగించే ఫిట్టింగుల మర జీ 1/4, అంటే పొడవునా ఒకే లావుండే సమాన మర. నీటిని ఆపేది అందులోని రబ్బరు రింగు. ప్లంబింగ్ దుకాణంలో దొరికే పావు అంగుళం కోసు మర (చివరికి సన్నబడేది) ఫిట్టింగు చూడ్డానికి అలాగే ఉంటుంది, బిగిస్తే అక్రిలిక్ పగులుతుంది. టెఫ్లాన్ టేపు వద్దు, చేతి బిగువు చాలు. పీఈటీజీ ప్లాస్టిక్ గొట్టాలు 60 డిగ్రీల దాపులో మెత్తబడటం మొదలవుతుంది కాబట్టి మన వేసవికి అక్రిలిక్ గానీ ఈపీడీఎం రబ్బరు గానీ మేలు.

బోరు నీరు, ట్యాంకరు నీరు, క్యాను నీరు ఏవీ పోయకూడదు. బ్యాటరీ నీళ్ళు కొన్నా టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) పెట్టి చూడాలి, అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. అందులో తుప్పు నిరోధకం, నాచు పట్టకుండా మందు కలపాలి. కొత్త రేడియేటర్‌లో టంకం మడ్డి మిగిలి ఉంటుంది. వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి, ఊపి, తేటనీరు వచ్చేదాకా కడగాలి.

నీరు పోయకముందే మీటరున్న చేతిపంపుతో లూపులోకి గాలి కొట్టి, 0.5 బార్ దగ్గర అరగంట ఉంచాలి. ముల్లు దిగితే ఎక్కడో రింగు కూర్చోలేదన్నమాట. తర్వాత నీరు పోసి, మదర్‌బోర్డుకూ కార్డుకూ కరెంటు తీసేసి, పవర్ సప్లై నుంచి వచ్చే 24 పిన్నుల ప్లగ్గులో పచ్చ తీగనూ ఒక నల్ల తీగనూ కలిపి పంపును మాత్రమే నడపాలి. తీగలన్నీ నల్లగా ఉంటే పచ్చ తీగ స్థానం 16వ పిన్ను. పంపు బేరింగుకు నీరే నూనె, ఎండుగా తిరిగితే నిమిషాల్లో అరిగిపోతుంది. అందుకే ట్యాంకు ఖాళీ అయ్యేలోపు ఆపుతూ, నింపుతూ, కేసును అటూ ఇటూ వంచి గాలి బుడగలు తీయాలి. ప్రతి అతుకు కిందా టిష్యూ కాగితం పెట్టి 24 గంటలు వదలాలి.

దుకాణదారులను కోరేది రెండే: బిల్లు మీద రేడియేటర్ లోహం రాయండి, అప్పగించేముందు కొన్నవాళ్ళ కళ్ళెదుటే గాలి పరీక్ష చేసి చూపండి. మీ పత్రిక ఎప్పుడు కూలర్ల సమీక్ష వేసినా, చిప్పు వేడి పక్కనే గది వేడి కూడా అచ్చువేయించాలని మనవి.

— కంప్యూటర్లు బిగించే మిత్రులం,
చింతాద్రిపేట, చెన్నై